మడమ మీద చుక్క

భువనగిరి,
జూన్ 2022

ఆండాళు వదినకు,

'నేను క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను' అని మొదలుపెట్టాలని బడిలో నేర్పారు. నాలుగేళ్ళు నిన్ను పలకరించకుండా ఉండి, నువ్వు క్షేమమని తలవడానికి నాకు మొహం లేదు. అందుకని నేరుగా విషయం చెబుతున్నాను. నాకు ఏడో నెల.

నువ్వు నాకు రెండు వైపులా వదినవు. మా అన్న శ్రవణ్‌కుమార్‌ను నువ్వు చేసుకున్నావు, మీ తమ్ముడు మల్లేష్‌ను నేను చేసుకున్నాను. ఒకే పందిట్లో కుండమార్పిడి. పైగా మా నాయిన చంద్రయ్యకు నువ్వు సొంత చెల్లెలి బిడ్డవు. మా అన్న నిన్ను వదిలేశాక ఒక వైపు చుట్టరికం తెగింది. రెండో వైపు పట్టుకుని రాస్తున్నాను.

కుండమార్పిడిలో ఒక పిల్లను పంపేస్తే రెండో పిల్లనూ పంపేయడం మనవాళ్ళ రివాజు. మల్లేష్ నా బట్టలు సంచిలో కుక్కాడు కూడా. నువ్వు గడప మీద అడ్డంగా కూర్చుని, "నన్ను తోలిండ్రని దాన్ని తోలుతవారా? నన్ను దాటి తోలు, చూస్త" అన్నావు. ఆ మాట మీద నా సంసారం నిలబడింది. ఆ తర్వాత నువ్వే ఆ ఇంట్లో ఉండలేక మహబూబ్‌నగర్ వెళ్ళిపోయావు. మీ తమ్ముడికి ఆ కోపం ఇంకా పోలేదు. "తమ్ముని ఇంట్ల బుక్కెడు బువ్వ చేదైందా?" అంటాడు. నీ పేరు వస్తే కంచం ముందు నుంచి లేచిపోతాడు. దాన్ని కోపమనాలో ప్రేమనాలో నాకు తెలియదు.

వచ్చే వారం అమ్మ నన్ను కానుపుకు చౌటుప్పల్ తీసుకుపోతుంది. ఏడేళ్ళుగా నాకు పిల్లలెందుకు కాలేదో ఎవరికీ తెలియదు. అమ్మ మొక్కులు మొక్కింది, నేను కడుపు రాకుండా దొంగతనంగా మాత్రలు మింగాను. నీ ఇద్దరు పిల్లలనూ నేను ఎత్తుకున్నాను వదినా. ఇద్దరూ పచ్చబడి, పాలు తాగలేక, పదిహేను రోజులైనా నిండకుండా పోవడం నా కళ్ళతో చూశాను. "గది దాని పాల దోషం. నీకేం ఫికర్?" అంటుంది అమ్మ. అన్న రెండో భార్యకు పుట్టిన కొడుకు ఇల్లంతా ఉరుకుతున్నాడు. అమ్మకు అదే సాక్ష్యం.

నిన్నేదో అడగాలని రాయలేదు. భయం వేసి రాశాను. ఫోన్ చేస్తే ఏడుస్తాను, ఏడిస్తే అందరికీ తెలుస్తుంది. జవాబు రాయాలనిపిస్తే చౌటుప్పల్‌లో మా పక్కింటి బిక్షమ్మ పేరు మీద రాయి. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ అంటుంది గానీ, నా విషయంలో నానుతుంది.

నీ
సంధ్య

*

మహబూబ్‌నగర్,
జూన్ 2022

సంధ్యా,

మొహం లేదంటూనే పేజీలు నింపావు. సరే, చదివాను. మొదటిసారి కోపంతో చదివాను, రెండోసారి నీ కడుపు గుర్తొచ్చి నెమ్మదిగా చదివాను.

నేనిక్కడ ఒక పిల్లల దవాఖానలో ఆయాగా చేస్తున్నాను. పక్కలు మారుస్తాను, తడిసిన గుడ్డలు తీస్తాను, తల్లులు కునుకు తీస్తే పిల్లలను చూస్తాను. ఇద్దరిని పోగొట్టుకున్నదాన్ని తెచ్చి పిల్లల దవాఖానలో పనికి పెట్టాడంటే ఆ దేవుడికి పరాచికాలు ఎక్కువ.

నువ్వు అడగకపోయినా ఒక సంగతి చెప్పాలి. ఇక్కడ కొందరు పసిపిల్లలకు మూడో రోజు మడమ మీద సన్నటి సూదితో పొడిచి, నాలుగు చుక్కల నెత్తురు మందపాటి కాగితం మీద అద్ది, ఆరబెట్టి హైదరాబాద్ పంపుతారు. ఎందుకని డాక్టర్ నిరోషమ్మను అడిగాను.

"కొన్ని లోపాలు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తాయి ఆండాళమ్మా. పుట్టినప్పుడు పిల్ల బంగారంలా ఉంటుంది. ఒక రకం లోపంలో పాలలో ఉండే చక్కెరను ఒళ్ళు అరిగించుకోలేదు, అది విషమైపోతుంది. గెలాక్టోసీమియా అంటారు. ముందే తెలిస్తే పాలు మాన్పించి బతికించుకోవచ్చు" అన్నది.

నా చేతిలో బకెట్ ఉంది. కింద పెట్టి, నా ఇద్దరి సంగతి చెప్పాను. ఆమె అడిగిన మొదటి మాట, "మీది మేనరికమా?"

పోయినవాళ్ళ గురించి ఇప్పుడు రుజువు చూపలేనన్నది. కానీ తాతల కాలం నుంచి దాగి వచ్చిన లోపమైతే అన్నాచెల్లెళ్ళిద్దరిలోనూ, అక్కాతమ్ముళ్ళిద్దరిలోనూ ఉండొచ్చట. మన రెండు జంటలూ అవే కదా. శ్రవణ్, నువ్వు. నేను, మల్లేష్. వేరే ఇంటి పిల్లను చేసుకుంటే ఆ లోపం పైకి రాకపోవచ్చట. మీ అన్న కొడుకు ఉరుకుతున్నాడంటే ఆశ్చర్యమేముంది?

అందుకని రెండు పనులు చెయ్యి. మూడో రోజు ఆ పరీక్ష చేయించు. అన్ని దవాఖానల్లో చేయరు, అడిగి చేయించుకోవాలి. రెండోది, ఫలితం వచ్చేదాకా పిల్లకు నీ పాలు గానీ, ఏ పాలు గానీ ఇవ్వకు. సోయా పొడి ఉంటుంది, డాక్టరు చెప్పిన కొలతలో పట్టు. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలని దవాఖాన గోడ మీద రాసి ఉంటుంది. అందరు పిల్లలకూ అది నిజమే. నీ పిల్ల ఆ అందరిలో ఉందో లేదో తెలిసేదాకా ఆగమంటున్నాను. నిరోషమ్మ రాసిన చీటీ దీంట్లో పెట్టాను. అక్కడి డాక్టరుకు చూపించు. నా మాట అని చెప్పకు, పని చెడుతుంది.

ఆండాళు

*

చౌటుప్పల్,
జూలై 2022

ఆండాళు వదినకు,

ఉత్తరం అందింది. చీటీ భద్రంగా ఉంది.

నాకు తొమ్మిదో నెల పడింది. పుట్టబోయే బిడ్డకు పాలు ఇవ్వొద్దని రాయడానికి నీకు చెయ్యి ఎట్లా వచ్చింది? నువ్వు నా మంచికే రాశావని పగలంతా నాకు నేను చెప్పుకుంటాను. పడుకోగానే ఇంకో మాట వినిపిస్తుంది. నీ కడుపు కాలింది. ఈ ఉత్తరంలో మాట్లాడేది డాక్టరా, నీ కాలిన కడుపా అని.

అమ్మతో అనలేదు. అంటే ఏమంటుందో నీకు తెలుసు. "పిల్లలను మింగినదాని మాట ఇంటవా?" అంటుంది. నీ పాలు విషమో కాదో చూడాలని పళ్ళెంలో పిండి చీమను వదిలినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. చీమ చచ్చింది కదా వదినా. చీమకు నీ మీద పగేముంటుంది?

ఇట్లా రాయొద్దనుకుంటూనే రాశాను. కోపం తెచ్చుకోకు. కొన్నాళ్ళు ఉత్తరాలు వద్దు.

సంధ్య

*

మహబూబ్‌నగర్,
జూలై 2022

సంధ్యా,

వద్దన్నా రాస్తున్నాను. ఇది ఒక్కటి చదివి చించెయ్.

చీటీ భద్రంగా ఉందన్నావు, చూపించానని అనలేదు. పెట్టెలో భద్రంగా ఉంటే ఆ చీటీ దేనికి?

చీమ సంగతి. పాలలో పడ్డ చీమ మునిగితే చస్తుంది, ఒడ్డు దొరికితే బతుకుతుంది. నీళ్ళల్లోనూ అంతే. నా కాపురం ఒక చీమకు ఈత రాక పోయింది. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, ఆ రోజు నేనూ దాన్ని నమ్మి ఏడ్చాను.

నా కడుపు కాలిందన్నావు. కాలింది. లేదని నేనెప్పుడన్నాను? నీ బిడ్డ మీద దిష్టి పెట్టేంతగా కాలిందా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. నిజం చెప్పనా, నీ ఉత్తరంలో ఏడో నెల అన్న మాట చదివినప్పుడు ఒక్క నిమిషం కుళ్ళుకున్నాను. ఆ ఒక్క నిమిషమే. ఆ తర్వాతంతా భయమే.

నీ పాలు నువ్వు ఇచ్చుకో. నేను ఆపగలనా? మూడో రోజు మడమ మీద చుక్క మాత్రం తీయించు. అది ఒక్కటే అడుగుతున్నాను. పిల్ల పాలు కక్కినా, కళ్ళు పచ్చబడినా, రొమ్ము అందుకోకుండా సోలిపోయినా పాలు ఆపి పెద్ద దవాఖానకు పరుగెత్తు. పసరు పోసేవాళ్ళ దగ్గరికి పోవద్దు. నా ఇద్దరికీ పోయించాం.

ఆండాళు

*

హైదరాబాద్, పిల్లల దవాఖాన,
సెప్టెంబర్ 2022

వదినా,

ఆడపిల్ల. బతికే ఉంది. ముందు ఆ మాట రాసి మిగతాది రాస్తున్నాను, నువ్వు మధ్యలో ఊపిరి బిగబట్టకూడదని.

చీటీ నేను ఎవరికీ చూపించలేదు. పిల్ల పుట్టగానే పాలిచ్చాను. ఎంత బాగా తాగిందో. మర్నాడు అమ్మ నా పాలు పళ్ళెంలో పిండి చీమను వదిలింది. అది గిలగిల కొట్టుకుని అంచు ఎక్కి పోయింది. అమ్మ సంబురం చెప్పలేను. "నా బిడ్డ పాలు అమృతం" అని వార్డంతా చెప్పింది. నేనూ నమ్మాను. మనసులో నిన్ను రెండు మాటలన్నాను కూడా.

అయినా మూడో రోజు వచ్చేసరికి ఎందుకో నీ ఉత్తరం గుండెల్లో గుచ్చుకుంది. పరీక్ష చేయమని డాక్టరును అడిగాను. అమ్మ ఒప్పుకోలేదు. "పురిటిపిల్ల నెత్తురు తీస్తరా? ఇరవయ్యొకటన్న కానియ్యరా?" అని పిల్లను కొంగులో దాచుకుంది. అప్పుడు నాయిన లేచాడు. ఎప్పుడూ మగ్గం తప్ప మాట తెలియని మనిషి. "తియ్యనియ్యవే. చుక్క నెత్తురే గదా. ఆ పిల్లలు గిది తెల్వకనే పోయిండ్రేమో" అన్నాడు. నీ పిల్లలను మా ఇంట్లో ఎవరైనా తలచుకోవడం నేను వినడం అదే మొదలు.

ఇంటికి వచ్చాక పిల్ల కక్కడం మొదలుపెట్టింది. కళ్ళు పచ్చబడ్డాయి. నువ్వు రాసినవన్నీ ఒక్కొక్కటే కనిపిస్తున్నా నేను పాలు ఆపలేదు వదినా. చీమ బతికింది కదా అనుకున్నాను. కక్కితే కడుపు ఖాళీ అయిందని మళ్ళీ ఇచ్చాను. అమ్మ పసరు పోసేవాని కోసం కబురు పెట్టింది.

ఫలితం చెప్పడానికి దవాఖానవాళ్ళు మల్లేష్‌కు ఫోన్ చేశారట. అతను పనిచేసే మందుల కంపెనీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. డ్యూటీ దిగి చూసుకుని, తిరిగి చేసి, విని, బండి మీద వచ్చాడు. నేను పాలిస్తున్నాను. చెప్పులతోనే లోపలికి వచ్చి, "పాలియ్యకు! సంధ్యా, పాలియ్యకు!" అని అరిచాడు. పిల్ల ఉలిక్కిపడలేదు. అంత సోలిపోయింది.

"ఎవడన్నడురా గా మాట?" అన్నది అమ్మ.

నేను పెట్టె తెరిచి నీ ఉత్తరం, చీటీ తీసి మల్లేష్ చేతిలో పెట్టాను. నీ అక్షరాలు చూడగానే గుర్తుపట్టాడు. చదివి అమ్మ వైపు చూసి, "అక్క అన్నది. అందరికంటె ముందుగాల మా అక్కనే అన్నది" అన్నాడు.

ఇక్కడికి వచ్చేసరికి పిల్ల కాలేయం చెడిపోతోందన్నారు. పాలు పూర్తిగా బంద్ చేసి, సెలైన్ పెట్టి, సోయా పొడి పట్టారు. రోజురోజుకూ పచ్చదనం దిగింది. నిన్న గుక్కపెట్టి ఏడ్చింది. ఏడుస్తుంటే నాకు ఎంత బాగుందో. కంట్లో సన్నటి పొర ఉంది, తగ్గొచ్చట. మాటలు ఆలస్యం కావొచ్చట. బతికినన్నాళ్ళూ పాలు, పెరుగు, వెన్న ముట్టకూడదు. నా చాతీ గడ్డకట్టి నొప్పి పుడుతోంది, పిండి సింకులో పారబోస్తున్నాను. పారబోసేటప్పుడల్లా నువ్వు గుర్తొస్తావు.

ఇంకో మాట. డాక్టరమ్మ మన ఇంటి వివరాలన్నీ అడిగింది. నీ పెద్దోడి సంగతి చెప్పాను. మధ్యలో పాలు మాన్పించి చక్కెర నీళ్ళు పట్టినప్పుడు తేరుకున్నాడని, మళ్ళీ జబ్బు చేసి పోయాడని చెప్పాను. ఆమె రాయడం ఆపి, "పాలు లేవు కాబట్టే తేరుకున్నాడు. ఆ బాబుకూ ఇదే అయి ఉంటుంది. ఇందులో తల్లి తప్పేం లేదు. లోపం తండ్రి నుంచీ రావాలి, తల్లి నుంచీ రావాలి" అన్నది. అమ్మ అక్కడే నిలబడి విన్నది.

వదినా, నీ తప్పు కాదని తేలిపోయింది. నువ్వు గెలిచావు.

నీ
సంధ్య

*

మహబూబ్‌నగర్,
సెప్టెంబర్ 2022

సంధ్యా,

నీ పిల్ల బతికింది. నాకు సంతోషం. ఈ కింద రాసేది చదివి, నాకు సంతోషం లేదని అనుకోవద్దు. రెండూ ఉన్నాయి.

నేను గెలవలేదు.

చక్కెర నీళ్ళు పట్టింది మూడు పూటలో నాలుగు పూటలో. అత్తమ్మే పాలు మాన్పించింది, నా పాలు మంచివి కావని. పెద్దోడు కళ్ళు తెరిచాడు. కాళ్ళు ఆడించాడు. గండం గడిచిందని అందరం సంబురపడ్డాం. అత్తమ్మ తానే పిల్లవాణ్ణి తెచ్చి నా ఒళ్ళో వేసి, "తాగనియ్యి బిడ్డా, ఆకలైతాంది వానికి" అన్నది. వాడు ఆవురావురుమని తాగాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వాం. నా కాపురం మొత్తంలో అత్తమ్మా నేనూ కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

ఇన్నాళ్ళూ నేనొక మాట పట్టుకుని బతికాను. వీళ్ళు చెప్పేది అబద్ధం, నా పాలు నా పిల్లలను చంపలేదు అని. పని చేసేటప్పుడు, బస్సులో, ఇక్కడి తల్లులు పాలిచ్చేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంటూ అదే అనుకునేదాన్ని. ఇప్పుడు నువ్వు నిజం రాశావు. పాలే చంపాయి. నావైనా, బర్రెవైనా ఒకటే కావొచ్చు. కానీ వాడు తాగింది నావి. చేతికి వచ్చిన పిల్లవాణ్ణి నేనే మళ్ళీ పోగొట్టుకున్నాను. తప్పు లేదని డాక్టరమ్మ అన్నది, నిజమే, నాకు అర్థమైంది. అర్థం కావడం వేరు, ఆ బరువు నా రొమ్ము మీద ఇంకా తెలుస్తూనే ఉండడం వేరు.

రెండోదానికి నా పాలు అసలు పట్టనియ్యలేదు. మేకపాలు పట్టారు. అదీ పాలే కదా. అది నా ఒంటి వాసన కూడా ఎరగకుండా పోయింది, అయినా నింద నా పాల మీదే పడింది. నా చాతీ నుంచి నెల రోజులు పాలు కారాయి, మీ పెరట్లో పిండి మట్టి కప్పేదాన్ని.

నీ ఉత్తరం వచ్చాక నేను పనికి పోలేదు. నిరోషమ్మ గదికి వచ్చి కూర్చుంది. టీ పెట్టి ఇచ్చి పోయింది. రేపటి నుంచి పోతాను.

పిల్ల జాగ్రత్త. ప్రసాదమని, ముద్దని, ఎవరు పెరుగు చుక్క నాకించబోయినా చెయ్యి పట్టి ఆపు. కొన్ని మాత్రల్లోనూ పాల చక్కెర కలుపుతారట, అడిగి వేయి. నువ్వు కూడా ఏడవకు. నువ్వు చుక్క తీయించావు. నాకు ఆ చుక్క సంగతి చెప్పేవాళ్ళు లేరు.

ఆండాళు

*

చౌటుప్పల్,
అక్టోబర్ 2022

ఆండాళు వదినకు,

నువ్వు గెలిచావని ఎంత తేలిగ్గా రాశాను. నీ జవాబు చదివాక నా వేళ్ళు విరగ్గొట్టుకోవాలనిపించింది.

ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. చెప్పకుండా దాచితే ఏమవుతుందో ఒకసారి చూశాను కదా. అమ్మ మగ్గానికి దారం తీస్తూ ఆసు పోస్తోంది. మీరిద్దరూ నవ్విన సంగతి దగ్గరికి వచ్చేసరికి దారం వదిలేసి, "గది గూడ రాసిందా?" అని కొంగు నోట్లో కుక్కుకుంది. చిక్కుపడిన ఆ దారం ఇంతవరకూ విప్పలేదు.

పిల్ల ఇంటికి వచ్చింది. ఇరవయ్యొకటి దవాఖానలోనే గడిచిపోయింది కాబట్టి దీపావళి తర్వాత తొట్టెల వేద్దామన్నారు. మేనత్త ఒళ్ళో పెట్టుకుని చెవిలో పేరు చెప్పాలి. "మా అక్క రాకుంటే తొట్టెల లేదు, పేరు లేదు. గట్లనే పాప అని పిలుచుకుందాం" అని మీ తమ్ముడు తెగేసి చెప్పాడు. నీకు ఫోన్ చేయమన్నాను. నంబరు నొక్కి, మోగకముందే పెట్టేశాడు. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే.

అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "రమ్మను. అందరి ముంగట కాళ్ళు మొక్కుత. నా కోడలని పిలిచే హక్కు నాకు లేదు, మీ నాయిన మేనకోడలని పిలుస్త" అన్నది.

శ్రవణన్నకూ తెలుసు. వాకిట్లో నిలబడి అంతా విని వెళ్ళిపోయాడు. అతని మనసులో ఏముందో నాకు తెలియదు, నీకు కల్పించి రాయను.

రా వదినా.

నీ
సంధ్య

*

మహబూబ్‌నగర్,
అక్టోబర్ 2022

సంధ్యా,

రాను. కోపంతో కాదు.

అత్తమ్మ కాళ్ళు మొక్కితే నేనేం చేయాలి? వంగి లేపాలి. లేపితే మన్నించినట్టు. మన్నించానని అనడానికి నోరు వస్తుంది గానీ, మనసు ఇంకా రావడం లేదు. నలుగురిలో అబద్ధం ఆడలేను. ఆమె ముసలిది, చెడ్డది కూడా కాదు. తెలియనిది. తెలియనివాళ్ళను తిట్టడం కష్టం, అదే నాకు పెద్ద కష్టంగా ఉంది.

మల్లేష్‌కు చెప్పు. తమ్ముని ఇంట్లో బువ్వ చేదు కాలేదని. అతని ఇంట్లో నువ్వు పచ్చగా తిరుగుతుంటే చూసి ఓర్చుకునే బలం అప్పుడు నాకు లేకపోయిందని. మోగేదాకా ఆగితే నేను ఎత్తుతానని కూడా చెప్పు.

మేనత్త హక్కు మాత్రం వదులుకోను. పిల్లకు మనస్విని అని పెడుతున్నాను. ఆ రోజు ఫోన్ పిల్ల చెవి దగ్గర పెట్టండి, నేనే చెబుతాను.

నాకు ఒక్కటి కావాలి. ఇరవయ్యొకటి కాకముందే పోయిన పిల్లలకు మనవాళ్ళు పేరు పెట్టరు. దవాఖాన కాగితాల మీద ఒకరు 'ఆండాళు బాబు', ఒకరు 'ఆండాళు పాప'. అంతే. తల్లి పెట్టకూడదు, మేనత్త పెట్టాలి అంటారు కదా, అందుకని నా మనసులో కూడా ఏ పేరూ పెట్టుకోలేదు. తలచుకోవాలంటే ఏమని తలచుకోవాలో తెలియక, చాలాసార్లు తలచుకోవడమే మానేశాను.

కుండమార్పిడిలో పెళ్ళిళ్ళే కాదు, మేనత్తలమూ మారాం. నీ బిడ్డకు మేనత్తను నేను, నా పిల్లలకు మేనత్తవు నువ్వు. నేను నా వంతు చేస్తున్నాను. నా ఇద్దరికీ నువ్వు పేర్లు పెట్టు. నీకు నచ్చినవే. ఎవరికీ వినిపించాల్సిన పని లేదు. ఉత్తరంలో రాసి పంపు చాలు.

ఆండాళు

*

చౌటుప్పల్,
నవంబర్ 2022

వదినా,

నీ గొంతు వినగానే మనస్విని కళ్ళు తిప్పి వెతికింది. నువ్వు మూడుసార్లు పేరు చెప్పి ఫోన్ పెట్టేశావు. ఆ తర్వాత జరిగింది నీకు తెలియదు.

నువ్వు ఉత్తరంలో రాసి పంపమన్నావు. నాకు మనసు ఒప్పలేదు. నీ పిల్లలను చాటుగా పూడ్చిపెట్టి వచ్చాం. పేర్లు కూడా చాటుగానే పెట్టాలా? మనస్వినిని తొట్టెలలోంచి తీసి మల్లేష్ చేతికిచ్చి, ఖాళీ తొట్టెల ఊపబోయాను. వచ్చిన ఆడవాళ్ళంతా, "ఉత్త తొట్టెల ఊపద్దు, అరిష్టం" అని చెయ్యి పట్టుకున్నారు. నేను విడిపించుకోలేకపోయాను.

అమ్మ లేచి వచ్చింది. వాళ్ళ చేతులు తీసేసి, తొట్టెల తాడు తానే పట్టుకుంది. "నేనూపుత. నువ్వు చెప్పు బిడ్డా" అన్నది. అమ్మ ఊపుతుంటే నేను వంగి, మొదట పెద్దోడికి, తర్వాత చిన్నదానికి, చెవి ఉండాల్సిన చోట మూడేసిసార్లు చెప్పాను. అందరికీ వినబడేలా చెప్పాను. నాయిన ఒక్కడే ఆ పేర్లు మళ్ళీ పలికాడు. శ్రవణన్న గుంజ పట్టుకుని నిలబడి ఏడ్చాడు. అమ్మ చాలాసేపు తొట్టెల ఆపలేదు.

భార్గవ్. అక్షిత.

ఇక నుంచి నాకు రాసేటప్పుడు పెద్దోడు, రెండోది అని రాయకు.

నీ పిల్లల మేనత్త,
సంధ్య